తీగ తొడుగు కథ: ఎమ్మెస్ సందేశానికి ఒక జవాబు

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే మా బృందానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. శుభోదయాలు, సింహాచలం చందనోత్సవం ఫోటోలు, మోకాళ్ల నొప్పులకు చిట్కాలు అందులో తెల్లారకముందే వచ్చి పడుతుంటాయి. చదవకుండానే పైకి జరిపేయడం నాకు అలవాటు. పోయిన వారం వచ్చిన ఒక సందేశాన్ని కూడా అలాగే జరిపేశాను. మర్నాడు అదే సందేశం మా మేనకోడలి ఫోను నుంచి నాకు వచ్చింది. దాని కింద ఒక్క వాక్యం రాసింది: "మామయ్యా, సోమవారం మందు ఎక్కించుకోవడం మానేయనా?"

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. గాజువాకలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. నాలుగేళ్ల కిందట ఒక కన్ను మసకబారి, అది కుదుటపడ్డాక కాలు తిమ్మిరెక్కి, పరీక్షల మీద పరీక్షలు చేశాక మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఎమ్మెస్ అని పొట్టిగా అంటాం. ఆరు నెలలకు ఒకసారి సెలైన్‌లో కలిపి మందు ఎక్కిస్తారు.

సందేశంలో ఉన్నది ఇది, క్లుప్తంగా. ఎమ్మెస్ మెదడు జబ్బు కాదు, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఊడినట్టు నరం మీది కొవ్వు పొర అరుగుతుంది, అంతే. లోపలి రాగి భద్రం. తొడుగు కొవ్వే కాబట్టి ఇరవై ఒక్క రోజులు పరగడుపున ఆవునెయ్యి తాగితే మళ్లీ కట్టుకుంటుంది. ఎమ్మారైలో కొత్త మచ్చ లేకపోతే జబ్బు ఆగినట్టే, ఇంజెక్షన్లు మానేయవచ్చు. మతిమరుపు, నీరసం మనసు బలహీనత తప్ప జబ్బువి కావు. ఇది చలిదేశాల వ్యాధి, మనవాళ్లకు ఊరికే అంటగడుతున్నారు. అసలు కారణం మెడలోని సిర మూసుకుపోవడం. ఎండలో తిరిగితే నరాలు కాలిపోతాయి. చివర సంతకంలాగా: "విశాఖలో ఒక పెద్ద డాక్టరు చెప్పిన నిజాలు. పదిమందికి పంపండి."

నేను డాక్టరును కాను. ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లోనే ఒక పాథాలజీ ల్యాబులో స్లైడ్లు తయారుచేసి రిటైరయ్యాను. కండ ముక్కను మైనంలో పోసి, సన్నగా కోసి, రంగు వేసి డాక్టరుగారి సూక్ష్మదర్శిని కింద పెట్టడం నా పని. ఆ పని వల్లనే, ఈ సందేశంలోని మొదటి అబద్ధం ఎలా పుట్టిందో నాకు కొంత తెలుసు. అందులో నా చేతి వాటా కూడా ఉంది.

"తొడుగు మాత్రమే ఊడుతుంది, లోపలి రాగి భద్రం."

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంత దూరం వచ్చింది. మెదడులోని నరకణం నుంచి ఒక పొడవాటి తంతువు బయలుదేరుతుంది. దాని పేరు ఆక్సాన్. చాలా తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఈ చుట్టలు చుట్టడానికి ఆలిగోడెండ్రోసైట్లని వేరే కణాలున్నాయి. వాటిలో ఒక్కొక్కటి నలభై, యాభై చోట్ల పొర కప్పగలదు. ఎమ్మెస్‌లో మన రక్షణ కణాలే దారితప్పి ఈ పొర మీద పడతాయి. 1868లో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును విడిగా గుర్తించి వర్ణించిన నాటి నుంచి వైద్య విద్యార్థులు మొట్టమొదట చదివేది ఈ తొడుగు సంగతే. ఇంతవరకు సందేశంతో నాకు పేచీ లేదు.

పేచీ రాగి దగ్గర. రాగికి ప్రాణం లేదు; తొడుగు ఊడినా పదేళ్లు అలాగే పడి ఉంటుంది. ఆక్సాన్ బతికున్న కణం చాచిన చెయ్యి. తొడుగు ఉన్నంతకాలం సంకేతం గంతులు వేసుకుంటూ పోతుంది, ఎందుకంటే సోడియం లోపలికి వచ్చే ద్వారాలు తొడుగు ముక్కల మధ్య ఉన్న చిన్న ఖాళీల్లోనే గుమిగూడి ఉంటాయి. తొడుగు పోతే ఆ ద్వారాలు తంతువు పొడవునా పరుచుకుంటాయి. లోపలికి వచ్చిన సోడియాన్ని మళ్లీ బయటకు తోడిపోయాలి, అందుకు శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు చుట్టూ రక్షణ కణాలు రేపిన మంట వల్ల దెబ్బతిని ఉంటాయి. ఖర్చు రెట్టింపై జీతం సగమైన సంసారం అది. కొంతకాలం నెట్టుకొస్తుంది. తరువాత కాల్షియం లోపల పేరుకుని, తంతువు ఉబ్బి, తెగుతుంది.

తెగిన కొనలను లెక్కపెట్టినవాళ్లున్నారు. 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రూస్ ట్రాప్ బృందం ఎమ్మెస్‌తో చనిపోయినవారి మెదడు ముక్కలను పరీక్షించింది. మంట చురుకుగా ఉన్న మచ్చల్లో ఒక్కో ఘన మిల్లీమీటరుకు 11,000కు పైగా తెగిన తంతువులు కనిపించాయి. ఆవగింజంత చోటు అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న మెదడులో అదే చోట ఒకటి కూడా లేదు.

ఈ ఊరివాళ్లకు దీన్ని చెప్పడానికి నాకు కరెంటు తీగకన్నా హుద్‌హుద్ బాగా పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న గాలి ఆగిన తరువాత కైలాసగిరి వైపు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పచ్చని కొండ ఒక్క రోజులో ఎండిన గోధుమరంగుకు తిరిగింది. నిలబడ్డ చెట్లకు ఆకు లేదు. కొన్ని వారాలకు ఆ మోడులే చిగురు వేశాయి. మా వీధి చివర వేళ్లతో లేచిపోయిన నిద్రగన్నేరు మాత్రం చిగురు వేయలేదు. కోసి లారీ ఎక్కించారు. మైలిన్ పోవడం ఆకు రాలడం లాంటిది. కొంత మళ్లీ వస్తుంది, పలచగా. నరకణం పోవడం చెట్టు కూలడం. ఎమ్మెస్‌లో రెండూ జరుగుతాయి. సందేశం రాసినవారు ఆకు రాలడం వరకే చూసి కలం మూశారు.

మరి వైద్యశాస్త్రం కూడా చాలాకాలం తొడుగు గురించే ఎందుకు మాట్లాడింది? ఇక్కడే నా చేతి వాటా.

మెదడు పైభాగాన రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందంలో బూడిదరంగు పొర ఉంటుంది. దాన్ని కార్టెక్స్ అంటారు, తెలుగులో వల్కలం. మెదడులోని సుమారు 8,600 కోట్ల నరకణాల్లో 1,600 కోట్లు ఈ పలచటి పొరలోనే, ఆరు అంతస్తులుగా ఉంటాయి. దాని కింద తంతువుల కట్టలతో తెల్ల పదార్థం ఉంటుంది. మైలిన్ వల్లనే దానికి ఆ తెలుపు. మైలిన్‌ను చూడటానికి మేము వాడేది లక్సాల్ ఫాస్ట్ బ్లూ అనే నీలం రంగు. 1953 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. స్లైడ్లను రాత్రంతా వెచ్చటి ఓవెన్‌లో ఆ రంగులో ఉంచుతాం. పొద్దున తీస్తే ముక్క మొత్తం ఒకే నీలం. అప్పుడు పలచటి లిథియం కార్బొనేట్‌లో ఒక్క ముంచు, తరువాత ఆల్కహాల్‌లో, నీళ్లలో, మళ్లీ లిథియంలో. ఎంతవరకు? బూడిద పదార్థం రంగులేకుండా తేటపడేవరకు, తెల్ల పదార్థం మాత్రం నీలంగా నిలిచేవరకు. మాకు నేర్పిన సూత్రం అదే. నా కింద చేరిన కుర్రాళ్లకు నేనూ అదే నేర్పాను: "పై అంచు తేటపడిందా? అయితే చాలు, తీసెయ్యి."

నా సర్వీసులో ఎమ్మెస్ మెదడు ముక్క చేతికి వచ్చింది రెండేసార్లు. రెండుసార్లూ పై అంచు తేటపడేవరకు కడిగాను. నీలపు నేల మీద తెల్లటి మచ్చలు చక్కగా కనిపించాయి, డాక్టరుగారు మెచ్చుకున్నారు. వల్కలంలోనూ మైలిన్ ఉంటుంది, పలచగా. అక్కడా అది పోయిందో లేదో ఆ స్లైడ్ మీద ఎవరు చెప్పగలరు? ఉన్నదాన్ని కూడా నేనే కడిగేశాను.

అనుమానించినవాళ్లు లేకపోలేదు. 1962లో బ్రౌనెల్, హ్యూస్ అనే ఇద్దరు 22 మెదళ్లలో 1,594 మచ్చలను ఓపికగా లెక్కపెట్టి, వాటిలో దాదాపు నాలుగో వంతు బూడిద పదార్థంలోనో దాని సరిహద్దులోనో ఉన్నాయని రాశారు. ఆ మాట పెద్దగా ఎవరికీ పట్టలేదు. మైలిన్‌లోని ప్రోటీన్లను ప్రతిరక్షకాలతో పట్టి చూపే కొత్త పద్ధతులు వాడుకలోకి వచ్చాక గానీ పై అంచు అసలు రూపం బయటపడలేదు. 2001లో ట్రాప్ బృందమే 50 మంది రోగుల వల్కలంలోని 112 మచ్చలను పరిశీలించింది. తెగిన తంతువులు ఉన్నాయి, చనిపోతున్న నరకణాలు ఉన్నాయి. కానీ తెల్ల పదార్థపు మచ్చల్లో గుంపులుగా కనిపించే రక్షణ కణాలు ఇక్కడ బాగా తక్కువ. దాడి చేసినవాళ్లు లేకుండానే ఇల్లు ఎలా కూలింది?

జవాబులో ఒక భాగం మెదడును కప్పి ఉండే పలచటి పొరల్లో దొరికింది. కొందరి మెదళ్లలో, ముఖ్యంగా వ్యాధి ముదిరినవారిలో, ఆ పొరల మడతల్లో బి కణాలు, టి కణాలు అనే రక్షణ కణాలు గుంపులుగా స్థిరపడి ఉంటాయి. అవి విడుదల చేసే రసాయనాలు పై నుంచి కిందికి ఊరుతాయి. మన సముద్రపు ఒడ్డున బోరు వేయించినవాళ్లకు ఇది వింత కాదు. ఒడ్డుకు దగ్గరి బోరు ముందు ఉప్పుబడుతుంది, రెండు వీధుల అవతలిది తరువాత. వల్కలంలోనూ నష్టం అలాగే మెట్లుమెట్లుగా ఉంటుంది: పై అంతస్తుల్లో ఎక్కువ, లోతుకు వెళ్లేకొద్దీ తక్కువ. అక్కడే కాపురముండే మైక్రోగ్లియా అనే కణాలు రెచ్చిపోయి నరకణాల మధ్య ఉండే అతుకులను కూడా తినేస్తాయి. మైలిన్ చెక్కుచెదరని చోట కూడా ఆ అతుకుల మొగ్గలు తగ్గిపోయినట్టు 2016లో వచ్చిన ఒక పరిశీలన చూపింది. తొడుగు ఉన్నా లోపల నష్టం జరుగుతుందన్నమాట. ఇది కాక కింది నుంచి వచ్చే దెబ్బ వేరే ఉంది. తెల్ల పదార్థంలో తంతువు తెగితే, దాని మొదలైన కణం పైన వల్కలంలో క్రమంగా క్షీణిస్తుంది.

ఇదంతా ముసలితనంలో, ఆఖరి దశలో జరిగేది కదా అని ఊరట చెందవచ్చు. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ఆ ఊరటను కూడా మిగల్చలేదు. వ్యాధి తొలి రోజుల్లోనే, వేరే అవసరం మీద మెదడు ముక్క తీసి పరీక్షించిన 138 మందిలో 53 మందికి అప్పటికే వల్కలంలో మైలిన్ పోయి ఉంది.

"తొడుగు కొవ్వే, కాబట్టి నెయ్యి తాగితే కట్టుకుంటుంది."

ఇంట్లో ఎక్కువ గొడవ చేసింది ఈ వాక్యమే. మా అక్కయ్య అప్పటికే రెండు కిలోల ఆవునెయ్యి తెప్పించేసింది. ఇల్లు సిమెంటుతో కట్టారు కాబట్టి గోడ పగిలితే ఇంటాయన సిమెంటు తినాలి అన్నట్టుంది ఈ తర్కం. మైలిన్‌లో కొలెస్ట్రాల్ చాలా ఉంటుంది, నిజమే. కానీ మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను దాదాపు పూర్తిగా తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో తిరిగేది మెదడు రక్తనాళాల గోడ దాటి లోపలికి పోదు. తాగిన నెయ్యి నడుము చుట్టూ చేరుతుంది తప్ప నరం చుట్టూ చేరదు.

తొడుగు మళ్లీ కట్టుకోవడం అబద్ధం కాదు. శరీరం ఆ ప్రయత్నం తానే చేస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఆ ఓపిక తగ్గుతుంది. దాడి తరువాత మా మేనకోడలి కన్ను చాలావరకు బాగుపడటానికి మంట చల్లారడంతోపాటు అదీ ఒక కారణం కావచ్చు. అయితే సరిగ్గా అలాంటప్పుడే నెయ్యి తాగినవాడికి నెయ్యి మీద గురి కుదురుతుంది. ఈ జబ్బు చాలామందిలో వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చే రకం. తగ్గే రోజుల్లో చేతిలో ఏది ఉంటే దానికి పేరు వస్తుంది.

"ఎమ్మారైలో కొత్త మచ్చ లేకపోతే జబ్బు ఆగినట్టే, మందు మానేయవచ్చు."

సందేశం మొత్తంలో నాకు భయం వేసింది ఈ వాక్యం చూసి. నెయ్యి తాగితే మహా అయితే అరగదు. ఇది నమ్మితే పోయేది తిరిగి రాదు.

నేను స్లైడ్ కడిగినప్పుడు జరిగిందే ఎమ్మారైలోనూ జరుగుతుంది. మామూలుగా తీసే ఎమ్మారై తెల్ల పదార్థంలోని మచ్చలను బాగా పట్టుకుంటుంది. వల్కలంలోని మచ్చల్లో చాలావాటిని వదిలేస్తుంది. అవి చిన్నవి, చుట్టూ ఉన్న కణజాలానికీ వాటికీ చిత్రంలో తేడా తక్కువ. వాటికోసమే ప్రత్యేకంగా తీసే పద్ధతులున్నాయి, 7 టెస్లా శక్తిగల యంత్రాలు ఇంకా బాగా చూపుతాయి. కానీ మనం వెళ్లే స్కానింగ్ కేంద్రాల్లో సాధారణంగా ఉండేవి 1.5 లేదా 3 టెస్లా యంత్రాలు. వల్కలంలోని మచ్చలకు ఎంత ప్రాధాన్యం ఉందంటే, ఎమ్మెస్ నిర్ధారణకు ప్రపంచమంతా వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలను 2017లో సవరించినప్పుడు వాటినీ లెక్కలోకి చేర్చారు.

కాబట్టి రిపోర్టులో "కొత్త మచ్చలు లేవు" అంటే కనిపించేచోట కొత్త దాడి కనిపించలేదని అర్థం. అది మంచి వార్తే, మిఠాయి పంచుకోవచ్చు. మంట పూర్తిగా ఆరిందని మాత్రం కాదు. మందు వాడనివారిలో మెదడు పరిమాణం ఏడాదికి 0.5 నుంచి 1.35 శాతం దాకా తగ్గుతుందని అంచనా. ఆరోగ్యవంతులైన పెద్దల్లో అది 0.1 నుంచి 0.3 శాతం. కొత్త దాడి ఒక్కటీ లేకుండా, కొత్త మచ్చ ఒక్కటీ లేకుండా నడక నెమ్మదించినవాళ్లు ఉన్నారు.

ఇక కొత్త మచ్చ లేకపోవడానికి మందు పనిచేయడమే కారణమేమో అన్న ఆలోచన సందేశకర్తకు రానేలేదు. గొడుగు వేసుకుని తడవకుండా ఇంటికి చేరి, వాన పడలేదు కాబట్టి గొడుగు పారేయమన్నట్టు! కొన్ని మందులను ఉన్నట్టుండి ఆపడం మరీ ప్రమాదం. ఫింగోలిమాడ్ అనే ఎమ్మెస్ మందు మానేసినవారిలో కొందరికి జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబెడుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 నవంబరులో హెచ్చరించింది. నటాలిజుమాబ్ అనే మరో మందు ఆపినప్పుడూ ఆ బెడద ఉంది.

మా మేనకోడలికి ఎక్కించేది బి కణాలను తగ్గించే మందు. దానికీ ఇబ్బందులున్నాయి, దాచడమెందుకు. అంటువ్యాధులు సులువుగా వస్తాయి. ముందుగా హెపటైటిస్ బి పరీక్ష చేస్తారు, కావలసిన టీకాలు వేస్తారు. పైగా ఇప్పుడున్న మందులు దాడులను ఆపినంత గట్టిగా వల్కలంలో నెమ్మదిగా సాగే నష్టాన్ని ఆపలేవు. ఇది సందేశానికి అనుకూలమైన మాట కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం. పోయిన కణాన్ని తెచ్చే మందు లేదు కాబట్టే ఉన్న కణాలను కాపాడే మందును మొదటి నుంచి వాడాలంటున్నారు. ఎప్పుడు ఆపాలి, ఏది మార్చాలి అన్నది ఆమెను చూస్తున్న న్యూరాలజిస్టు చెప్పాలి. నేను చెప్పకూడదు, నడక గ్రూపు అసలే చెప్పకూడదు.

"మతిమరుపు, నీరసం మనసు బలహీనత."

ఈ మాట రాసినవారు మా ఇంటికి ఒక సాయంత్రం రావలసింది. యూనిట్ పరీక్షల మార్కులు రిజిస్టరులో ఎక్కిస్తోంది మా మేనకోడలు. జవాబు పత్రం మీద 17 చూస్తుంది, రిజిస్టరులో పేరు వెతుకుతుంది, పేరు దొరికేసరికి అంకె జారిపోతుంది, మళ్లీ పత్రం చూస్తుంది. లోపలి గదిలో టీవీ పెడితే కలం కింద పెట్టేస్తుంది. లెక్క తప్పదు, ఎప్పుడూ తప్పలేదు. కానీ నలభై పత్రాలకు అరగంట పట్టేది ఇప్పుడు గంటన్నర పడుతోంది. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఇద్దరు అమ్మకందారులు ఒకేసారి ధర చెబితే రెండూ వినిపించి ఒక్కటీ అందదు. వాళ్ల అత్తగారు దీన్ని పరధ్యానం అంటారు. ఆవిడను తప్పుపట్టను, కంటికి కనిపించేది అదే.

దీన్ని కొలవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తుకు ఒక అంకె. కాగితం మీద వరుసగా గుర్తులుంటాయి. తొంభై సెకన్లలో ఎన్నింటికి సరైన అంకె చెప్పగలరో లెక్కిస్తారు. తెలివికి, చదువుకు పెట్టే పరీక్ష కాదది. మెదడు ఎంత వేగంగా పని అందుకుంటుందో చూస్తుంది. ఎమ్మెస్ ఉన్నవారిలో 40 నుంచి 65 శాతం మందికి ఇలాంటి పరీక్షల్లో ఏదో ఒక లోటు కనబడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కొందరిలో కాళ్లూ చేతులూ బాగానే ఉన్న తొలి ఏళ్లలోనే.

వేగమే ఎందుకు తగ్గుతుంది? 2019లో కణం కణాన్నీ విడదీసి జన్యువుల పనితీరు చూసే పద్ధతితో ఎమ్మెస్ వల్కలాన్ని పరిశీలించారు. నష్టం అన్ని నరకణాలకూ ఒకేలా లేదు. పై అంతస్తుల్లో, ముఖ్యంగా రెండు, మూడు పొరల్లో, సీయూఎక్స్‌2 అనే జన్యువు పనిచేస్తున్న ఒక రకం నరకణాలు ఎక్కువగా తగ్గిపోయాయి. ఆ కణజాలంలోనే ఉన్న వేరే రకాలు పోలిస్తే నిలదొక్కుకున్నాయి. పై అంతస్తుల నరకణాల ముఖ్యమైన పని వల్కలంలోని ఒక ప్రాంతాన్ని మరో ప్రాంతంతో కలపడం: చూసిన అంకెను వెతుకుతున్న పేరుతో, విన్న ధరను జ్ఞాపకంతో. ఊళ్లో ఇళ్లన్నీ ఉండి, ఇంటింటికీ తిరిగే మనుషులు తగ్గిపోయినట్టు. ఒక్కో పరధ్యానాన్ని ఫలానా కణానికి అంటగట్టలేం. థాలమస్ వంటి లోతైన భాగాలూ, తెల్ల పదార్థమూ, నిద్రలేమి, దిగులు కూడా ఇందులో కలుస్తాయి. దిగులుకు వైద్యం ఉంది, అది కూడా చేయించాలి. కానీ "మనసు గట్టి చేసుకో" అన్నది వైద్యం కాదు. నీరసం కూడా అంతే. పాడైన దారుల్లో అదే పని చేయించడానికి మెదడు ఎక్కువ ఖర్చుపెడుతుంది. మధ్యాహ్నానికే చేతిలో చిల్లర అయిపోతుంది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను వైకల్యాల జాబితాలో పేరుపెట్టి చేర్చింది. పార్లమెంటు గుర్తించినదాన్ని నడక గ్రూపు బద్ధకం అంటోంది.

"చలిదేశాల జబ్బు, మనకు రాదు."

చలిదేశాల్లో ఎక్కువ, నిజం. మనకు రాదన్నది అబద్ధం. ఒకప్పుడు మన దేశంలో లక్షమందికి ఒకరో ఇద్దరో ఉంటారనుకునేవారు. మంగళూరులో జాగ్రత్తగా లెక్కతీస్తే లక్షకు ఎనిమిది మందికి పైగా తేలారు. ఎమ్మారైలు వచ్చాక పెరిగిన లెక్క ఇది. ప్రపంచంలో 2020 నాటికి 28 లక్షల మంది ఉన్నారని అంచనా, వారిలో ఆడవాళ్లు మగవాళ్లకు రెట్టింపు. వాతావరణం ఒక్కటే కారణమైతే చల్లటి ఊళ్లో అందరికీ రావాలి. 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాలతో చేసిన పెద్ద అధ్యయనంలో, ఎప్‌స్టీన్‌బార్ అనే వైరస్ సోకిన తరువాత ఎమ్మెస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగినట్టు తేలింది. ఆ వైరస్ మనలో దాదాపు అందరికీ ఎప్పుడో సోకినదే. జబ్బు వచ్చేది కొద్దిమందికే. జన్యువులు, పొగతాగడం లాంటివి మిగతా పాత్రలు పోషిస్తాయి.

ఎమ్మెస్‌లాగే కనిపించే వేరే జబ్బులు మన దగ్గర ఉన్న మాట నిజం. బి12 లోపం ఒకటి, కంటి నరం, వెన్నుపాము మీద పడే న్యూరోమైలైటిస్ ఆప్టికా మరొకటి. రెండోదానికి కొన్ని ఎమ్మెస్ మందులు కీడు చేస్తాయి. అందుకే డాక్టర్లు అన్ని రక్తపరీక్షలు రాస్తారు. అంటగట్టేవాళ్లయితే అన్ని పరీక్షలతో పనేముంది?

"మెడ సిర మూసుకుపోవడమే కారణం."

ఇది పాత సరుకు. 2009లో ఇటలీలో జంబోనీ అనే వైద్యుడు ఈ ప్రతిపాదన చేశారు. బెలూన్లు, స్టెంట్లు వేయించుకోవడానికి రోగులు దేశదేశాలు తిరిగారు. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ చికిత్సలో మరణాలు, పక్షవాతం వంటివి జరిగాయని హెచ్చరించింది. కెనడాలో వెతికితే అలాంటి ఇరుకు సిరలు రోగుల్లో ఎంతమందికి ఉన్నాయో వారి తోబుట్టువుల్లో, ఏ జబ్బూ లేనివారిలో దాదాపు అంతేమందికి ఉన్నాయి. 2017లో జంబోనీగారి సొంత బృందమే బెలూన్ వేయించుకున్న రోగులనూ, వేసినట్టు నటించి అసలు వేయని రోగులనూ పోల్చి, ఈ చికిత్స వల్ల ఉపయోగం లేదని ప్రకటించింది. తన సిద్ధాంతాన్ని తానే పరీక్షించి ఓడిపోయిన మనిషి మీద నాకు గౌరవమే. ఇన్నేళ్ల తరువాత కూడా ఓడిన సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పంచుతున్నవారి మీద లేదు.

"ఎండలో తిరిగితే నరాలు కాలిపోతాయి."

కాలవు. మే నెలలో మన ఉక్కపోతలో మా మేనకోడలికి బస్సు దిగేసరికి ఒక కన్ను మసకబారుతుంది. నీడన కూర్చుని చల్లటి నీళ్లతో ముఖం, మెడ తుడుచుకుంటే అరగంటలో మామూలవుతుంది. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు, ఒళ్లు అలిసినప్పుడు చూపు ఇలా మసకబారడాన్ని గమనించి రాశాడు. తొడుగు పోయిన తంతువులో సంకేతం అంచు మీద నడుస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఆగిపోవచ్చు, చల్లబడితే మళ్లీ నడుస్తుంది. అది కొత్త నష్టం కాదు. ఎండకు భయపడి నడక మానేయనక్కర్లేదు. పొద్దున ఆరు గంటల లోపు బీచ్ రోడ్డు చాలు. కానీ చల్లబడినా ఒక రోజంతా తగ్గకపోతే మాత్రం డాక్టరుకు ఫోను చేయాలి.

ఇక ఆ "విశాఖలో పెద్ద డాక్టరు". గ్రూపులో పెట్టిన మిత్రుణ్ని అడిగాను, ఎవరండీ ఆయన అని. తనకు తోడల్లుడు పంపాడన్నారు. ఆ తోడల్లుడికి అనకాపల్లిలో కొలీగు, ఆయనకు తునిలో ఉన్న చెల్లెలు. ఆమె చాలా మర్యాదగా తనకు వచ్చిన అసలు సందేశాన్ని వెతికి నాకు పంపింది. అదే తీగ, అదే రాగి, అదే ఇరవై ఒక్క రోజుల నెయ్యి. ఊరి పేరు మాత్రం విజయవాడ.